రెండు చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ఫ్లైట్ టైమ్ మనమే ఎలా లెక్కేసుకోవాలి

ఏవో రెండు ఊళ్ళ పేర్లు కొట్టి మధ్యలో ఫ్లైట్ టైమ్ అని సెర్చ్ చేస్తే బోలెడు సైట్లు వస్తాయి. దూరం ఇంత, ఫ్లైట్ టైమ్ ఇంత అని టకీమని చెప్పేస్తాయి, అదీ 37 నిమిషాలు, 52 నిమిషాలు అని ఎంతో కచ్చితంగా ఉన్నట్టు. చాలా సైట్లలో దాని వెనకాల జరిగేది ఒక్క భాగహారం, అంతే. రెండు పాయింట్ల మధ్య గీత గీసి, ఆ దూరాన్ని గంటకి 800 కిలోమీటర్లతోనో ఇంకో స్పీడ్‌తోనో భాగించేసి, మహా అయితే పైన ఓ అరగంట కలిపి చూపిస్తాయి. అసలు ఆ రెండు ఊళ్ళ మధ్య ఫ్లైట్ తిరుగుతుందా లేదా అన్నది కూడా వాటికి పట్టదు. పెద్ద సిటీల విషయంలో ఈ లెక్క కొంచెం అటూఇటూగా సరిపోతుంది గానీ చిన్న ఎయిర్‌పోర్టుల దగ్గరికొచ్చేసరికి బాగా తేడా కొడుతుంది. అందుకని ఒక్కో ముక్కా మనమే కూడుకోవడం మేలు, పది నిమిషాల పని, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

మొదటి పని: ఏ ఎయిర్‌పోర్టో ఖాయం చేసుకోండి

ఊరు పేరుతో కాకుండా మూడక్షరాల ఐఏటీఏ కోడ్‌తో (ఐఏటీఏ అంటే ఎయిర్‌లైన్ల అంతర్జాతీయ సంఘం) మొదలుపెట్టండి. టికెట్ మీదా లగేజీ ట్యాగ్ మీదా ఉండేది ఇదే. ఒకే పేరుతో ఊళ్ళు ఎన్నో ఉంటాయి కాబట్టి ఇక్కడ పొరపడితే మొదటికే మోసం. శాన్ హోసే అని కొడితే కాలిఫోర్నియాలోది ఎస్‌జేసీ, కోస్టారికాలోది ఎస్‌జేఓ, ఒక్క అక్షరం తేడా, దేశమే మారిపోతుంది. పోర్ట్‌లాండ్ కూడా అంతే, ఆరెగాన్ రాష్ట్రంలో ఒకటి, మెయిన్ అనే రాష్ట్రంలో ఒకటి, అమెరికాకి ఈ కొసన ఒకటి ఆ కొసన ఒకటి.

ఇంకో తిరకాసు ఏంటంటే ఎయిర్‌పోర్ట్ పేరులో ఉన్న ఊరూ ఎయిర్‌పోర్ట్ ఉన్న ఊరూ ఒకటే కానక్కర్లేదు. ఫ్రాంక్‌ఫర్ట్-హాన్ అని ఒక ఎయిర్‌పోర్ట్ ఉంది, అది ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రోడ్డు మీద 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఓస్లో పేరు తగిలించి అమ్మే టార్ప్ ఎయిర్‌పోర్ట్ కూడా ఓస్లోకి వంద కిలోమీటర్ల పైనే. ఇలాంటి చోట సిటీ నుంచి సిటీకి దూరం కొలిస్తే ఆ నంబర్ ఎందుకూ పనికిరాదు, రన్‌వే నుంచి రన్‌వేకే కొలవాలి.

రెండో పని: గాల్లో దూరం

సులువైన దారి గూగుల్ మ్యాప్స్. కంప్యూటర్‌లో అయితే మొదటి ఎయిర్‌పోర్ట్ మీద రైట్ క్లిక్ చేసి మెజర్ డిస్టెన్స్ నొక్కి, రెండో ఎయిర్‌పోర్ట్ మీద క్లిక్ చేస్తే దూరం వచ్చేస్తుంది. ఫోన్‌లో అయితే మ్యాప్ మీద వేలు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, దాని వివరాల్లోనే ఈ ఆప్షన్ ఉంటుంది. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్ కూడా ఉంది, అందులో రెండు కోడ్‌లు మధ్యలో చిన్న గీత పెట్టి కొడితే గీతతో సహా చూపిస్తుంది. అయితే యూనిట్ ఏంటో చూస్కోండి, మైళ్ళలో వచ్చిన నంబర్‌ని కిలోమీటర్లు అనుకుంటే అక్కడే పప్పులో కాలేసినట్టు. విమానాల వాళ్ళు వాడేది మామూలు మైలు కూడా కాదు, నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు. మామూలు మైలు 1.609. నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు.

సైట్ల మీద నమ్మకం లేకపోతే చేత్తోనే లెక్కేయొచ్చు, 500 కిలోమీటర్ల లోపు దూరాలకి ఇది చక్కగా పనిచేస్తుంది. నార్వేలో బెర్గెన్, స్టావాంగర్ అని సముద్రం ఒడ్డున రెండు ఊళ్ళున్నాయి, వాటితో చేసి చూద్దాం. బెర్గెన్ ఎయిర్‌పోర్ట్ అక్షాంశం 60.29, రేఖాంశం 5.22. స్టావాంగర్‌ది 58.88, 5.64.

అక్షాంశాల తేడా 1.41 డిగ్రీలు. భూమ్మీద ఎక్కడైనా ఒక డిగ్రీ అక్షాంశం ఇంచుమించు 111 కిలోమీటర్లు, కాబట్టి ఉత్తరం నుంచి దక్షిణానికి 156 చిల్లర. రేఖాంశాల తేడా 0.42, దీన్ని కూడా 111తో గుణిస్తే 46.6 వస్తుంది కానీ ఇక్కడ ఆగాలి. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరికొచ్చేస్తాయి, భూమధ్యరేఖ దగ్గర 111 ఉన్న డిగ్రీ 60 అక్షాంశం దగ్గరికొచ్చేసరికి సగమైపోతుంది. అందుకని రెండు అక్షాంశాల సగటు, అంటే ఇక్కడ 59.6, దాని కొసైన్‌తో గుణించాలి. అది 0.506, అంటే తూర్పు పడమరల తేడా 23.6 కిలోమీటర్లు. ఇప్పుడు స్కూల్లో చదివిన పైథాగరస్ లెక్క: 156.5 వర్గం, 23.6 వర్గం కూడి వర్గమూలం తీస్తే 158 కిలోమీటర్లు. భూమి పూర్తిగా గుండ్రంగా ఉండదు కాబట్టి ఒక కిలోమీటరో రెండో అటూఇటూ అవుతుంది, మన పనికి అది లెక్కలోకి రాదు. క్యాలిక్యులేటర్ డిగ్రీల మోడ్‌లో ఉందో లేదో మాత్రం కొసైన్ కొట్టే ముందు చూస్కోండి.

గుర్తులు కూడా జాగ్రత్త. పడమర రేఖాంశం, దక్షిణ అక్షాంశం మైనస్‌లో ఉంటాయి. ఫిజీలో నాంది ఎయిర్‌పోర్ట్ తూర్పు 177.44 మీద ఉంటే అదే దేశంలో తవెఊని దీవి ఎయిర్‌పోర్ట్ పడమర 179.88 మీద ఉంటుంది. మామూలుగా తీసేస్తే 357 డిగ్రీల పైన వస్తుంది, అంటే ప్రపంచం చుట్టి రావాలన్నమాట. తేడా 180 దాటితే దాన్ని 360లోంచి తీసెయ్యాలి, అప్పుడు 2.68 వస్తుంది. సొంతంగా ఎక్సెల్‌లో షీట్ తయారుచేసుకునేవాళ్ళు ఈ ఒక్క కేసు పెట్టి చూస్కుంటే చాలు, ఫార్ములా నిలబడుతుందో లేదో తెలిసిపోతుంది.

వేల కిలోమీటర్ల దూరాలకైతే ఈ కాకిలెక్క పనికిరాదు, గ్రేట్ సర్కిల్ లెక్క, అంటే గుండ్రటి భూమ్మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి లెక్క, కావాలి. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు తీసుకుని చేసే హావర్‌సైన్ ఫార్ములా అందుకే ఉంది. చిన్న ఎయిర్‌పోర్టుల మధ్య అంత అవసరం పెద్దగా రాదు.

రోడ్డు దూరం విడిగా చూడండి

దీన్ని చాలామంది వదిలేస్తారు గానీ ఫ్లైట్ ఎక్కాలా వద్దా అన్నది తేలేది ఇక్కడే. బెర్గెన్, స్టావాంగర్ మధ్య గాల్లో 160 కిలోమీటర్లే, రోడ్డు మీద 210 దాకా ఉంటుంది. 50 కిలోమీటర్లే కదా తేడా అనిపిస్తుంది. కానీ మధ్యలో ఫ్యోర్డ్‌లు, అంటే కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు, రెండు చోట్ల కారు ఫెర్రీ ఎక్కించాలి. మొత్తం నాలుగున్నర, ఐదు గంటలు పడుతుంది. అదే 160 కిలోమీటర్లు చదునైన నేల మీద, మంచి హైవే ఉన్నచోట అయితే రెండు గంటల్లోపు పని, అక్కడ ఫ్లైట్ గురించి ఆలోచించడమే దండగ. అందుకే కిలోమీటర్లతో పోల్చకండి, గంటలతో పోల్చండి.

మూడో పని: అసలు ఫ్లైట్ ఉందా

లెక్కలోకి పోయేముందే ఇది తేల్చుకోవాలి. చిన్న ఎయిర్‌పోర్టుల్లో ఎక్కువ ఫ్లైట్లు ఏదో ఒక పెద్ద హబ్‌కే, అంటే నలుమూలల ఫ్లైట్లూ కలిసే పెద్ద ఎయిర్‌పోర్ట్‌కే పోతాయి, చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి డైరెక్ట్ అన్నది అరుదు. గూగుల్ ఫ్లైట్స్‌లో నాన్‌స్టాప్ ఫిల్టర్ పెట్టి చూడండి. ఒక్క రోజు చూసి లేదని తేల్చెయ్యకండి, వారంలో రెండు మూడు రోజులే తిరిగే సర్వీసులు చాలా ఉంటాయి, కొన్ని సీజన్‌లోనే ఉంటాయి. ఆ ఎయిర్‌పోర్ట్ వికీపీడియా పేజీలో ఎయిర్‌లైన్స్, డెస్టినేషన్స్ అని ఒక పట్టిక ఉంటుంది, సీజనల్ ఏవో అందులో విడిగా రాస్తారు. మొదట అది చూసి తర్వాత ఎయిర్‌లైన్ సైట్‌లో ఖాయం చేసుకోవడం నా పద్ధతి.

డైరెక్ట్ లేకపోతే ఇంకో లెక్క. మొదటి ఊరు నుంచి హబ్‌కి, హబ్ నుంచి రెండో ఊరికి, మధ్యలో వెయిటింగ్. హబ్ దారిలో ఉంటే సరే, వెనక్కి ఉంటే 300 కిలోమీటర్ల దూరానికి 900 కిలోమీటర్లు తిరగాల్సొస్తుంది. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉన్నాయో లేదో కూడా చూడాలి. విడివిడిగా కొంటే మొదటిది లేటై రెండోది తప్పిపోయినప్పుడు మామూలుగా ఎవరూ బాధ్యత తీసుకోరు, లగేజీ కూడా మీరే తీసుకుని మళ్ళీ చెకిన్ చెయ్యాలి.

నాలుగో పని: ఏ విమానం

బుకింగ్ పేజీలో ఫ్లైట్ వివరాలు తెరిస్తే విమానం రకం రాసి ఉంటుంది. చిన్న రూట్లలో ఎక్కువగా కనపడేది ఏటీఆర్ 72, రెక్కల మీద ప్రొపెల్లర్లు తిరుగుతూ ఉంటుంది, ఎక్కేది వెనక తలుపు నుంచి. దీని స్పీడ్ గంటకి 500 కిలోమీటర్ల దగ్గర్లో. డ్యాష్ 8 క్యూ400 కూడా ప్రొపెల్లర్లదే గానీ గంటకి 650 దాకా పోతుంది. ఎంబ్రేయర్ జెట్లు, ఏ320, బోయింగ్ 737 ఇవన్నీ 800 పైన. దీవుల మధ్య తిరిగే ట్విన్ ఆటర్ లాంటివి 300 దరిదాపుల్లోనే.

జెట్ అయితే చాలా తొందరగా పోతుందని అనుకుంటాం గానీ చిన్న దూరాల్లో ఆ తేడా కనపడదు. 160 కిలోమీటర్లకి ఏటీఆర్‌కి 19 నిమిషాలు, జెట్‌కి 12, తేడా ఏడు నిమిషాలే, అదీ కాగితం మీద. నిజంగా అయితే పది వేల అడుగుల కింద స్పీడ్ 250 నాట్లు, అంటే గంటకి 463 కిలోమీటర్లు దాటకూడదని చాలా దేశాల్లో రూల్ ఉంది. చిన్న రూట్‌లో జెట్ సగం టైమ్ ఆ ఎత్తు కిందే ఉంటుంది, 800 అందుకునే లోపే దిగడం మొదలుపెట్టాల్సొస్తుంది. 600 కిలోమీటర్లకి పోతే అప్పుడు తేడా కొడుతుంది, ఏటీఆర్‌కి 72 నిమిషాలు, జెట్‌కి 45.

ఐదో పని: టైమ్ కూడుకోవడం

నేను వాడే లెక్క ఇది. దూరానికి ముందు ఓ 20 నుంచి 40 కిలోమీటర్లు కలపండి. ఎందుకంటే విమానం గీత గీసినట్టు పోదు. గాలికి ఎదురుగా టేకాఫ్ తీసుకోవాలి, ఎదురుగాలిలోనే ల్యాండ్ అవ్వాలి, కాబట్టి ఒక్కోసారి పోవాల్సిన దిక్కుకి వెన్ను చూపించి లేచి పైన తిరుగుతుంది, అక్కడ దిగేటప్పుడు కూడా ఊరు దాటిపోయి చుట్టు తిరిగి రన్‌వేకి ఎదురుగా వస్తుంది. 1,000 కిలోమీటర్ల ప్రయాణంలో ఈ 30 కిలోమీటర్లు లెక్కే కాదు, 160 కిలోమీటర్లలో అయితే అయిదో వంతు.

ఆ వచ్చిన దూరాన్ని విమానం స్పీడ్‌తో భాగించి, విమానం పైకెక్కేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ తగ్గే స్పీడ్ కోసం పది నిమిషాలు కలపండి. ఇది గాల్లో ఉండే టైమ్. బెర్గెన్, స్టావాంగర్‌కి జెట్‌తో వేస్తే 160కి 25 కలిపి 185 కిలోమీటర్లు, 800తో భాగిస్తే 14 నిమిషాలు, పది కలిపితే 24. దీనికి నేల మీద టైమ్ కలపాలి. టికెట్ మీద ఉండే టైమ్ టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా కాదు, గేట్ దగ్గర కదిలినప్పట్నుంచి అవతలి గేట్ దగ్గర ఆగేదాకా, దీన్ని బ్లాక్ టైమ్ అంటారు. రెండూ చిన్న ఎయిర్‌పోర్టులైతే మొత్తం కలిపి 10, 15 నిమిషాలు చాలు, ఒకవైపు పెద్ద హబ్ ఉంటే 25, 30 వేస్కోండి. అలా ఇక్కడ మనకి 35 నుంచి 40 నిమిషాలు వస్తుంది. కేవలం భాగహారం చేసే సైట్ అయితే ఇదే దూరానికి 12 నిమిషాలు అంటుంది.

చిన్న ఎయిర్‌పోర్ట్ కాబట్టి నేల మీద టైమే పట్టదు అని కూడా అనుకోకండి. చాలా చోట్ల రన్‌వే పక్కన దానికి సమాంతరంగా ట్యాక్సీవే, అంటే విమానం నేల మీద నడిచే దారి, ఉండదు. విమానం రన్‌వే మీదకే ఎక్కి, దాని మీదే నెమ్మదిగా ఆ చివరిదాకా పోయి, అక్కడ ఉన్నచోటే వెనక్కి తిరిగి, అప్పుడు టేకాఫ్ తీసుకుంటుంది. దీన్ని బ్యాక్‌ట్రాక్ అంటారు. ఆ నాలుగైదు నిమిషాలు ఇంకో విమానం దిగడానికి లేదు, ఎక్కడానికి లేదు. కిటికీ పక్కన కూర్చుంటే రన్‌వే అంచు లైట్లు ఒక్కొక్కటే మెల్లగా వెనక్కి పోవడం, చివర్లో విమానం మొత్తం గిర్రున తిరగడం కనపడుతుంది, అది చూసి వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారేమో అని కంగారు పడేవాళ్ళు కూడా ఉంటారు.

గాలి సంగతి

పోయేటప్పుడు గంట, వచ్చేటప్పుడు గంటా పావు అని టికెట్ మీద ఉంటే అది తప్పు కాదు, గాలి. 500 కిలోమీటర్ల దూరం, విమానం స్పీడ్ 500, గాలి లేకపోతే గంట. గంటకి 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద లెక్కన స్పీడ్ 400కి పడిపోతుంది, 75 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 600, 50 నిమిషాలు. పోనూ రానూ కలిపితే 125, గాలి లేకపోతే 120. అంటే పోయేటప్పుడు పోగొట్టుకుంది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి. జెట్ స్ట్రీమ్ అని వినే ఉంటారు, పడమర నుంచి తూర్పుకి వీచే ఆ గాలి బలంగా ఉండేది ఇంచుమించు 30 వేల అడుగుల పైన. ఏటీఆర్ 25 వేలకి మించి ఎక్కదు కాబట్టి దాని పూర్తి దెబ్బ తగలదు, జెట్లకే ఎక్కువ. కాకపోతే ఏటీఆర్ స్పీడే తక్కువ కాబట్టి రెండింటికీ ఒకే గాలి ఎదురుగా తగిలితే మాత్రం వంతుల్లో చూస్తే దానికే ఎక్కువ నష్టం.

ఆరో పని: నిజంగా ఎగిరిన ఫ్లైట్‌తో సరిచూడండి

ఇన్ని లెక్కల తర్వాత దీన్ని వదలకూడదు. ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ లాంటి వాటిల్లో ఫ్లైట్ నంబర్ కొడితే పోయిన కొన్ని రోజులుగా అది ఎప్పుడు లేచింది ఎప్పుడు దిగింది అన్నీ ఉంటాయి. ఒక్క రోజు కాకుండా దొరికినన్ని రోజులు చూడండి, గాల్లో టైమ్ ఒకలా, గేట్ నుంచి గేట్ టైమ్ ఇంకోలా ఉంటుంది, రెండూ కలిపేసుకోకండి. టికెట్ మీద 55 నిమిషాలుండి రోజూ 40కే చేరిపోతుంటే ఆశ్చర్యం లేదు, ఎయిర్‌లైన్లు షెడ్యూల్‌లో కొంచెం వెసులుబాటు పెట్టుకుంటాయి. అమెరికాలో అయితే షెడ్యూల్ కన్నా 15 నిమిషాల లోపు లేటుని లేటుగానే లెక్కెయ్యరు.

ఇక అన్నిటికన్నా చిన్న కేసు స్కాట్లండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో ఉంది. వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి 2.7 కిలోమీటర్లు, లోగన్ ఎయిర్ అనే కంపెనీ చిన్న ఐలాండర్ విమానంతో నడిపే రూట్, షెడ్యూల్‌లో రెండు నిమిషాలు, గాలి కలిసొచ్చిన రోజు 53 సెకన్లలో దిగిన రికార్డు ఉంది. పైన చెప్పిన నా లెక్క దీనికి అస్సలు పనిచెయ్యదు, పైకెక్కడమే ఉండదు కాబట్టి.

ఏడో పని: గడియారం

టికెట్ మీద రెండు టైములూ ఆయా ఊళ్ళ లోకల్ టైములే, కాబట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి అదే ఫ్లైట్ టైమ్ అనుకోకండి. ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ నుంచి సిడ్నీకి దాదాపు గంటన్నర. అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా సిడ్నీలో గడియారం గంట ముందుకి జరుపుతారు, గోల్డ్ కోస్ట్ ఉన్న క్వీన్స్‌లాండ్‌లో జరపరు. అప్పుడు పొద్దున 8కి బయల్దేరితే సిడ్నీలో 10:30, అటు నుంచి 8కి బయల్దేరితే గోల్డ్ కోస్ట్‌లో 8:30. ఒక వైపు రెండున్నర గంటలు, ఇంకోవైపు అరగంట అన్నట్టు కనపడుతుంది.

సమోవాలో అపియా నుంచి అమెరికన్ సమోవాలో పాగో పాగోకి పోయేవాళ్ళది ఇంకా తమాషా. మధ్య దూరం 150 కిలోమీటర్ల దాకా, ఫ్లైట్ గంట కూడా ఉండదు, గడియారం ముల్లు ముట్టుకోవాల్సిన పనే లేదు, తారీఖు మాత్రం ఒక రోజు వెనక్కి పోతుంది. 2011 చివర్లో సమోవా తేదీ రేఖకి అవతలి వైపుకి మారింది, ఆ ఏడు డిసెంబర్ 30 అనే రోజే వాళ్ళకి లేదు. ఇలాంటి చోట హోటల్ బుక్ చేసేటప్పుడు దిగే తారీఖు చూసి చెయ్యాలి, ఎక్కే తారీఖు కాదు.

ఇంటి నుంచి ఇంటికి

చివరగా మొత్తం కూడండి: ఎయిర్‌పోర్ట్‌కి ప్రయాణం, ముందుగా చేరాల్సిన టైమ్, బ్లాక్ టైమ్, లగేజీ, అక్కడి నుంచి ఊళ్ళోకి. చిన్న ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ లైన్ చిన్నదే గానీ చెకిన్ కౌంటర్ మూసే టైమ్ ఎయిర్‌లైన్ పెట్టిన రూల్ ప్రకారమే ఉంటుంది, ఖాళీగా ఉంది కదా అని ఆగరు. ఊళ్ళోకి బస్సు ఫ్లైట్ టైమ్‌కి ఉందా లేదా ముందే చూడండి, రాత్రి చివరి ఫ్లైట్ దిగేసరికి ఆఖరి బస్సు పోయి ఉండటం మామూలే. 40 నిమిషాల ఫ్లైట్ ఇలా కూడితే సులువుగా మూడు గంటలవుతుంది. రోడ్డు మీదో రైల్లోనో మూడున్నర గంటల్లో పోగలిగితే నేనైతే ఫ్లైట్ జోలికి పోను.

వేసుకున్న లెక్క ఎక్కడైనా రాసిపెట్టుకుంటే పక్కన నెల కూడా రాయండి. ఎయిర్‌లైన్ల షెడ్యూళ్ళు ఏడాదికి రెండుసార్లు మారతాయి, మార్చి చివరి ఆదివారం సమ్మర్ షెడ్యూల్, అక్టోబర్ చివరి ఆదివారం వింటర్ షెడ్యూల్ మొదలవుతుంది. విమానం రకం, వారంలో రోజులు, ఒక్కోసారి రూటే మారిపోయేది ఆ రెండు తారీఖుల దగ్గరే, కాబట్టి అవి దాటి ప్రయాణం ఉంటే మూడో పని నుంచి మళ్ళీ చూస్కోండి.